కిర్రు చెప్పులు

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో ఒక మెక్సికో సినిమా వేశారు. ఇలాంటివాటికి నేను వెళ్లను. కొంపల్లిలో ఈ ఫ్లాటుకు వచ్చి చాలా ఏళ్లయినా బతుకమ్మకూ వినాయకుడికీ తప్ప ఆ హాలు మెట్లెక్కలేదు. ఎదురింటి లక్ష్మీకుమారి గారిది భీమవరం వైపు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, కాదంటే వినరు. "దేశదేశాల్లో బహుమతులొచ్చిన సినిమా అండీ, మీరు రాకపోతే నేనూ వెళ్లను" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు. పదిహేను మందిమి ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. వాళ్లందరూ వెనక్కి వాలారు. కుర్చీకి వీపు ఆనించకుండా కూర్చోవడం మా ఇంట్లో నేర్పిన మొదటి పాఠం. అది ఇప్పటికీ పోలేదు.

సినిమా ఒక పెద్ద నగరంలోని పాత పేట గురించి. ఒక రొట్టెల బట్టీ, తాళాలు బాగుచేసేవాడు, డాబాల మీద బట్టలుతికే ఆడవాళ్లు. ఒకరి కథలో పక్కనుంచి నడిచిపోయినవాడు తర్వాతి కథలో అసలు మనిషి అవుతాడు. ఒకరింట్లో విసిరిన గిన్నె చప్పుడుకు ఇంకొకరింట్లో బిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు నేను అందుకునేలోపే మాయమవుతున్నాయి. అయినా అందులో ఏదీ నాకు కొత్తగా తోచలేదు. చివర్లో కత్తిపోటు తిన్న ఒక మనిషి పేటంతా పరిగెత్తి, ఒక ముసలావిడ ఇంట్లోకి బురద బూట్లతో, కారుతున్న రక్తంతో దూసుకుపోతాడు. ఆవిడ అప్పుడే నేల తుడిచి ఉంటుంది. నేల పాడుచేశావని వాణ్ణి నోటికొచ్చినట్టు తిడుతుంది. తిడుతూనే తలుపు గడియ పెడుతుంది. హాల్లో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "ఏవండీ, ఒంట్లో బాగోలేదా? అలా అయిపోయారేంటి?" అని లక్ష్మీకుమారి గారు కాఫీ తెచ్చిచ్చారు. ఆ కప్పు పట్టుకుని కూర్చున్న నాకు కాఫీ వాసన తెలియలేదు. పచ్చి కట్టె వాసన, చేపల వాసన, ఎండుమిరపకాయల ఘాటు, ఈ మూడూ కలిసి వచ్చాయి. మేడ్చల్‌లో మా గల్లీ వాసన అది.

ఆ గల్లీని అందరూ పటేలు గల్లీ అనేవారు. పటేలు మా నాయిన. మా తాత కాలంలో ఊరి చుట్టూ చూపు ఆనినంతమేర మాదేనని చెప్పుకునేవాళ్లం. నాకు తెలివి వచ్చేసరికి ఇల్లు, ఇంటి ముందు గల్లీలోని పది పదిహేను గదులూ మిగిలాయి. ఒకప్పుడు పశువులూ ధాన్యమూ ఉన్న కొట్టాలకు గోడలు పెట్టి అద్దెకిచ్చారు. అద్దెకిచ్చారు అని మా ఇంట్లో ఎవరూ అనలేదు. "మన నీడన ఉంటున్నరు" అనేవాడు నాయిన. తెల్లవారి వేపపుల్లతో పళ్లు తోముకుని, చన్నీళ్లు పోసుకుని, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన ధోతి కట్టుకుని ఆయన ముందు వసారాలో చేతుల కుర్చీలో కూర్చునేవాడు. పొట్టలో ఏముందో ఎవరికి తెలుస్తుంది, ధోతి మడత మాత్రం కత్తిలా నిలబడాలి. కూర లేని రోజుల్లో మా అమ్మ చల్లలోకి రొట్టె పెట్టి, ఉత్త మూకుట్లో వెల్లుల్లి, ఎండుమిరపకాయ వేసి పోపు మాడ్చేది. ఆ ఘాటు గోడ దాటి గల్లీలోకి పోవాలి. పటేలింట్లో పొయ్యి వెలిగిందని నలుగురికీ తెలియాలి. ఆ పోపు తిన్నవాళ్లం కాదు, దగ్గినవాళ్లం.

మా ఇంట్లో ఆడవాళ్ల మీద చెయ్యి వెయ్యరని గొప్పగా చెప్పుకునేవాళ్లం. అది నిజమే. నాయిన చెయ్యి వేసేవాడు కాదు, చింత బరిగె వేసేవాడు. కుర్చీ పక్కన ఎప్పుడూ ఒకటి ఉండేది. ఎండిపోతే పట్టు పోతుందని వారానికొక పచ్చిది కోయించేవాడు. అది అమ్మ మీద పడింది, నా మీద పడింది, గల్లీలో ప్రతి మగవాడి మీదా ఎప్పుడో ఒకప్పుడు పడింది. నేను ఒక్కదాన్నే సంతానం. నన్ను అందరూ చిన్న దొరసాని అనేవారు. కాలేజీకి పోయి నాలుగు ఇంగ్లీషు పుస్తకాలు చదివినా ఆ పిలుపు వినపడగానే నా మెడ దానంతట అదే నిలబడేది. దెబ్బలు తిన్న మరునాడు కూడా నిలబడేది.

మా తలవాకిలిని మా వైపు మాటలో గల్మ అంటారు. రెండు రాతి మెట్లు, పైన ఇత్తడి కడియాలున్న రెండు రెక్కల తలుపు. ఆ గల్మకు రెండు కట్టుబాట్లు ఉండేవి. ఒకటి, గల్మ దాటి లోపలికి వచ్చిన మనిషిని తరుముకొచ్చినవాడు ఎవడైనా సరే ముట్టుకోకూడదు. రెండు, చెప్పులతో ఎవరూ గల్మ దాటకూడదు. చెప్పులు మెట్టు కింద, ముందు భాగం ఇంటివైపు ఉండేలా విడిచి, తల వంచి ఎక్కాలి. మొదటి కట్టుబాటు గురించి నాయిన ప్రతి పండక్కీ చెప్పేవాడు. రెండోది ఎవరూ ఎవరికీ చెప్పనక్కర లేకుండా పిల్లల కాళ్లకు కూడా తెలుసు.

గల్లీ మొదట్లో యాదగిరి కట్టెల దుకాణం ఉండేది. మొద్దుల మీద అతని గొడ్డలి పడే చప్పుడే మాకు గడియారం. అది మొదలైతే పొద్దెక్కినట్టు, ఆగితే అన్నం వేళ అయినట్టు. బక్కపలచని మనిషి, ఆ బలం ఎక్కడినుంచి వచ్చేదో. తాగిన రోజున అదే బలం భార్య బాలమణి మీద చూపేవాడు. అతని పక్క గది సాయిలుది. సాయిలు వాళ్లు శామీర్‌పేట చెరువులో చేపలు పట్టి బతికేవాళ్లు. రోజూ చెరువు నుంచి సైకిలు మీద గంప కట్టుకుని మేడ్చల్ తెచ్చి అమ్మడానికి మా గల్లీలో కాపురం పెట్టాడు. వలలు విసిరి విసిరి భుజాలు రాతిబండల్లా ఉండేవి, నోట్లో మాట మాత్రం మెత్తన. అతని భార్య యాదమ్మ నోరు ఆ ఇద్దరికీ సరిపోయేది. యాదగిరీ సాయిలూ ప్రాణ స్నేహితులు. కల్లు ఒకే ముంత, చుట్ట ఒకే అగ్గిపుల్ల.

ఒక ఉదయం బాలమణి జుట్టు విరబోసుకుని, పగిలిన పెదవితో, వట్టి కాళ్లతో పరిగెత్తుకొచ్చి మా గల్మ దాటి వాకిట్లో పడింది. వెనకే వచ్చిన యాదగిరి మెట్ల దగ్గర గోడ గుద్దుకున్నట్టు ఆగిపోయాడు. చేతిలో కట్టెపేడు ఉంది. అయినా ఆగాడు. మా గల్మ గొప్పతనం నేను కళ్లారా చూసింది అప్పుడే. నా ఒళ్లు గర్వంతో జలదరించింది. నాయిన కుర్చీలోంచి లేవలేదు. కట్టె కింద పడేయించి, చెప్పులు విడిపించి, యాదగిరిని లోపలికి పిలిచాడు. వాకిట్లో ఉన్న స్తంభం చూపించి, అప్పుడే చేపలివ్వడానికి వచ్చిన సాయిలుతో పట్టుకోమన్నాడు.

"పటేలా, ఆడు నా దోస్తు. నాతోని కాదు" అన్నాడు సాయిలు.

"నీతోని అయితదా కాదా అని అడగలే. పట్టుకో అన్న."

సాయిలు పట్టుకున్నాడు. స్తంభం వెనకనుంచి యాదగిరి రెండు చేతులూ లాగి పట్టుకున్నాడు. బరిగె విరిగేదాకా నాయిన కొట్టాడు. విరిగినాక ఇంకొకటి తెమ్మన్నాడు. తెచ్చింది నేనే. గల్లీ అంతా మెట్ల కింద నిలబడి చూసింది. యాదగిరి వీపు మీద చారలు లేచి, చారల మీద చారలు పడి, చర్మం చిట్లింది. అతను అరవలేదు. సాయిలు మాత్రం ప్రతి దెబ్బకీ కళ్లు మూసుకుని, ఓర్చుకోమని బతిమాలుతూ "సైసు యాదన్నా, సైసు" అంటున్నాడు. అంతా అయ్యాక యాదగిరి నాయిన వైపు చూడనైనా చూడలేదు. చెప్పులు తొడుక్కుంటూ సాయిలుతో మెల్లగా అన్నాడు: "పటేలు కొట్టిండు. పటేండ్లు కొడ్తరు, గది వాళ్లకు అలవాటే. నువ్వెందుకు పట్టినవ్ రా సాయిగా?"

ఆ తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. కల్లు దుకాణంలో ఒకరు వస్తే ఒకరు లేచిపోయేవారు. సాయిలు రెండుసార్లు మనిషిని పంపాడు, ఒకసారి తనే కొరమీను పట్టుకుని వెళ్లాడు. యాదగిరి ఆ చేపని మొద్దు మీద పెట్టి, కట్టెను చీల్చినట్టే నిలువునా చీల్చి, అతని కాళ్ల ముందు వేశాడట. ఇవన్నీ మా ఇంటికి తెలుస్తూనే ఉన్నాయి. నాయిన నవ్వి ఊరుకునేవాడు. చెప్పిన పని చేసినందుకు సాయిలుకు మెప్పుగా ఒక జత కిర్రు చెప్పులు కుట్టించాడు. వెనక మడమకు పట్టీ, పక్కన ఇత్తడి బకిల్ ఉన్న ఖరీదైన జత. అంతవరకు సాయిలు కాళ్లు చెప్పులు ఎరగవు. వానాకాలం, ఎండాకాలం వట్టి కాళ్లే. గల్లీలో ఆ చెప్పులు కిర్రుమంటే అతనికి సిగ్గు. అవి ఎందుకు వచ్చాయో అందరికీ తెలుసు మరి. చంకలో పెట్టుకుని తిరిగేవాడు. నాయిన కంట పడితే మాత్రం, "ఏవి రా చెప్పులు? పటేలిచ్చింది తొడుక్కోనికి నామోషీనా?" అని అడిగేవాడు. దాంతో తొడుక్కోవడం మొదలుపెట్టాడు. యాదమ్మ ఒకసారి మా అమ్మ ముందే అంది, ఆ చప్పుడు వింటే తనకు దెబ్బల చప్పుడే యాదికొస్తదని.

ఎండలు ముదిరిన రోజులు. మధ్యాహ్నం మూడు గంటలకు గల్లీ అంతా కునుకు తీస్తోంది. అమ్మ లోపల కారం దంచడానికి రోలు కడుగుతోంది. నేను గల్మ పక్కన చాప మీద మిరపకాయలు తిరగేస్తున్నాను. కట్టెల దుకాణంలో గొడ్డలి చప్పుడు ఆగింది. ఆ వేళప్పుడు ఆగడం ఏమిటా అనుకున్నాను. తర్వాత ఒక కేక. ఆ వెనక కిర్రు, కిర్రు, కిర్రు. అంత వేగంగా ఆ చెప్పులు మోగడం నేనెప్పుడూ వినలేదు. లేచి గల్మలో నిలబడ్డాను. సాయిలు వస్తున్నాడు. ఎడమ భుజం చీలి చెయ్యి వేలాడుతోంది, అంగీ అంతా ఎర్రగా అయింది. అతనికి పది పదిహేను అడుగుల వెనక గొడ్డలితో యాదగిరి.

సాయిలు రెండు మెట్లూ ఒక్క అంగలో ఎక్కాడు. కుడికాలు గల్మ లోపల పెట్టాడు. నేను పక్కకు జరిగి ఉంటే రెండో కాలూ లోపలికి వచ్చేది. నా చూపు అతని ముఖం మీద లేదు, భుజం మీద లేదు. కాళ్ల మీద ఉంది. నా నోటినుంచి ఒకే ఒక్క మాట వచ్చింది.

"చెప్పులు."

అతను "అయ్యో, తప్పయింది దొరసానీ" అని కాలు వెనక్కి తీసుకున్నాడు. ప్రాణం మీదికి వచ్చినవాడు ఆ మాట అన్నాడు. పై మెట్టు మీద గల్లీ వైపు తిరిగి కూలబడి ఒక చెప్పు ఊడదీశాడు. రెండో దాని బకిల్ రక్తంతో జారింది. ఒక్క చేత్తో లాగుతున్నాడు. తల వంచి లాగుతూనే ఉన్నాడు. గొడ్డలి అతని మెడ మీద పడింది. మొద్దు మీద పడే చప్పుడు వేరు, మనిషి మీద పడే చప్పుడు వేరు; దాన్ని ఇక్కడ రాయలేను. రెండోసారి కూడా పడింది. చాప మీది మిరపకాయలు తడిసిపోయాయి. యాదగిరి గొడ్డలి వదిలేసి కింద మెట్టు మీద, సాయిలు పక్కనే కూర్చున్నాడు. కల్లు తాగడానికి కూర్చున్నట్టు కూర్చున్నాడు. పోలీసులు వచ్చేదాకా కదలలేదు. "రెండు చేతులు పట్టిండు గదా, నా రెండు చేతులు" అని అదే మాట అంటూ ఉన్నాడు.

మొదట పరిగెత్తుకొచ్చింది యాదమ్మ. ఏడవలేదు. భర్తను చూసింది, పై మెట్టు మీద ఉన్న ఆ ఒక్క చెప్పును చూసింది, దాన్ని తీసి చంకలో పెట్టుకుంది. అప్పుడు నా వైపు చూసింది.

నాయిన నిద్ర లేచి వచ్చి మెట్ల మీద నిలబడి అంతా పరికించాడు. "లోపలికి వచ్చిండా?" అని నన్ను అడిగాడు. లేదన్నాను. ఆయన ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది. పోలీసులతోనూ, పరామర్శకు వచ్చినవాళ్లతోనూ అదే చెప్పాడు: సాయిలు గల్మ దాటలేదు, దాటి ఉంటే ఎవడూ ముట్టుకునేవాడు కాదు, మా కట్టుబాటు నిలిచే ఉంది. వింటూ పక్కన నిలబడి నేనూ తలూపాను. చెప్పులు విప్పబోయి ఆగాడని, అంతలోనే ఘోరం జరిగిపోయిందని నా మాటగా కాగితం మీద రాసుకున్నారు. అందులో అబద్ధం లేదు. లేనిది నేను అతనితో అన్న ఆ ఒక్క మాటే.

మూడో రోజు పొద్దున నాయిన వసారాలో కూర్చుని ఉన్నాడు. గల్లీలోంచి కిర్రు చప్పుడు వచ్చింది. అమ్మ చేతిలో చెంబు జారింది. యాదమ్మ సాయిలు చెప్పులు తొడుక్కుని వస్తోంది. ఆమె పాదాలకు అవి చాలా పెద్దవి. ఒక దాని పట్టీ తెగి వేలాడుతోంది. మెట్లెక్కింది. గల్మ దాటింది. చెప్పులతో మా వాకిట్లో నడిచిన మొదటి మనిషి ఆమె. ఆ నడక ఎంతసేపు సాగిందో నాకు గుర్తులేదు; స్తంభం పక్కనుంచి వచ్చి కుర్చీ ముందు ఆగింది.

"పటేలా, చెప్పులతోని వచ్చిన. ఇగ ఏం జేస్తవో జెయ్."

నాయిన చెయ్యి బరిగె వైపు పోయింది. పోయి అక్కడే ఉండిపోయింది. ఆమె కాసేపు చూసి నా వైపు తిరిగింది.

"చిన్న దొరసానీ, నువ్వు ఆడ్నే ఉన్నవట గదా. ఆయననే ఆగిండా, నువ్వు ఆపినవా?"

"ఆయననే ఆగిండు" అన్నాను. మెడ నిటారుగా పెట్టి అన్నాను.

ఆమె చెప్పులు కుర్చీ ముందు విడిచి, వట్టి కాళ్లతో వెళ్లిపోయింది. అమ్మ పేడనీళ్ల బకెట్టు తెచ్చి వాకిలి కడగబోతే నాయిన, "ఉండనియ్యి" అన్నాడు. ఆ తర్వాత ఆయన పచ్చి బరిగె కోయించలేదు. పాతది ఎండిపోయి కుర్చీ పక్కనే ఉండేది. యాదగిరి జైల్లోనే పోయాడు. బాలమణి ఎక్కడికీ పోలేదు. కొత్త గొడ్డలి కొని కట్టెల దుకాణం తనే నడిపింది. మళ్లీ ఆ చప్పుడే మాకు గడియారం అయింది. యాదమ్మ పిల్లల్ని తీసుకుని శామీర్‌పేటలో పుట్టినింటికి చేరింది. నాయిన పోయాక ఇల్లు అమ్మేశాం. ఇప్పుడు అక్కడ టైల్సు అమ్మే షోరూము ఉంది. దాని ముందు మెట్లు లేవు, బూట్లతో తిన్నగా నడిచి వెళ్లవచ్చు.

ఈ ఫ్లాట్లలో మా పై అంతస్తులో ఒకాయన భార్యను కొడతాడు. గిన్నె పడ్డ చప్పుడు, ఏదో గోడకు తగిలిన చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. శబ్దాలు ఎక్కువవుతున్నాయని ఎవరో వాట్సాప్ గ్రూపులో పెడితే పదిమంది బొటనవేలు బొమ్మలు పెట్టారు. ఆ అమ్మాయిని లిఫ్టులో చూస్తాను, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నవ్వుతుంది. ఆమెకు పరిగెత్తడానికి ఒక గల్మ లేదని ఒకప్పుడు జాలిపడేదాన్ని. మా రోజులే నయమని లక్ష్మీకుమారి గారితో అన్నాను కూడా. ఆ సినిమాలో ముసలావిడను చూశాక ఆ మాట మళ్లీ అనలేను. ఆవిడకు వంశం లేదు, ఇత్తడి కడియాల తలుపు లేదు, తుడిచిన నేల ఒక్కటే ఉంది. ఆ నేలను పాడుచేయనిచ్చింది.

బుధవారం ఆటో మాట్లాడుకుని శామీర్‌పేట వెళ్లాను. యాదమ్మ ఎక్కడుంటుందో నాకు ఎప్పుడూ తెలుసు. ఆమె మనవళ్లు చెరువు దగ్గర రోడ్డు పక్కన చేపలు వేయించి అమ్ముతారు. వెనక రేకుల ఇంటి ముందు కూర్చుని ఆమె చేపలకు పొలుసు తీస్తోంది. ఎండిపోయింది, చేతులు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. నేనెవరో చెప్పబోయాను.

"ఎర్కపట్టిన" అంది తలెత్తకుండా. "గిప్పటికి గూడ గుంజ మింగినట్టే నడుస్తున్నవ్."

నిలబడే చెప్పాను. కూర్చోమని ఆమె అనలేదు. "నువ్వు ఆ దినం అడిగినవ్ గదా యాదమ్మా. ఆయన ఆగలే. కాలు లోపల పెట్టిండు. చెప్పులని నేనే అన్న. నేనే ఆపిన."

"ఎర్కనే" అంది.

ఎలా తెలుసని అడిగాను. ఆమె కత్తి కింద పెట్టింది. "చెప్పు పై మెట్టు మీదుండె. ముక్కు బజారు దిక్కుకుండె. ఇడిశి ఎక్కెటోడు కింద ఇడుస్తడు, ముక్కు ఇంటి దిక్కుకుంటది. ఎక్కినోన్ని ఎవలో ఎనకకు తిప్పిన్రు. ఆ పొద్దు గల్మల నువ్వు తప్ప ఎవలున్నరు?"

"మరి నన్నెందుకు అడిగినవ్?"

"చెప్తవేమోనని."

అంతే అంది. చేపల గిన్నె చంకన పెట్టుకుని, మోకాలి మీద ఒక చెయ్యాన్చి లేచి, లోపలికి వెళ్లింది. నేను ఆమె వెనకే నడిచాను. ఇంకా ఏదో చెప్పాలనుంది. ఏం చెప్పాలో తెలియక, ఎక్కడ అడుగేస్తున్నానో చూసుకోకుండా గడప మీద కాలు పెట్టాను.

"చెప్పులు" అంది యాదమ్మ లోపలినుంచి.

కాలు వెనక్కి తీసుకున్నాను. మోకాళ్ల నొప్పులకు డాక్టరు చెప్పి కొనిపించిన చెప్పులవి, మడమకు పట్టీ, పక్కన బకిల్ ఉన్నవి. గోడ పట్టుకుని వంగాను. ఒకటి ఊడింది. రెండోది ఊడలేదు. నా వెనక ఎవరూ తరుముకు రావడం లేదు. అయినా తల వంచి లాగుతూనే ఉన్నాను.